సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తానంటున్న వాచీలు కొనకండి

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఇది తప్పకుండా చదవండి. "సూది వద్దు, రక్తం వద్దు, మణికట్టు మీదే షుగర్" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న స్మార్ట్‌వాచీలు షుగర్ కొలవవు. ఏదో ఒక అంకె చూపిస్తాయి, అంతే.

మా నాన్న చాలా ఏళ్లుగా షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నారు. వేళ్లు గుచ్చుకుని గుచ్చుకుని విసిగిపోయి, ప్రకటన చూసి రెండున్నర వేలు పెట్టి ఆ వాచీ తెప్పించుకున్నారు. ఓ మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. వాచీ చూసుకుంటే 124. "షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అంటూ పడుకోబోయారు. అమ్మకి అనుమానం వచ్చి పాత గ్లూకోమీటర్ తీసి చూస్తే 56! 70 కంటే తగ్గితే చాలు, ప్రమాదమే. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకి మీటర్లో 83కి వచ్చింది. వాచీ మాత్రం 122 దగ్గరే కూర్చుంది. అమ్మ ఆ మీటర్ తీయకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ఆ సాయంత్రం వాచీని ముందు పెట్టుకుని పరీక్షించాం. దాని యాప్‌లో వయసు, బరువుతో పాటు "మీకు షుగర్ ఉందా?" అనే ప్రశ్న ఉంది. "ఉంది" అన్నదాన్ని "లేదు" అని మార్చాం. అదే చెయ్యి, మధ్యలో ఏమీ తినలేదు, అంకె 98కి దిగింది. తర్వాత వాచీని చుట్టిన తువ్వాలుకి కట్టాం. కాసేపటికి తువ్వాలుకి కూడా షుగర్ 101 అని చూపించింది.

వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పారే తీరును బట్టి గుండె వేగం లెక్కకట్టడానికి పనికొస్తుంది. ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఆక్సిజన్ అంచనాకి. వాటితో షుగర్ తెలియదు. అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ఇదే విషయం మీద జనాన్ని హెచ్చరించింది. చర్మానికి గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది.

రోజూ గుచ్చుకోవడం కష్టమైతే డాక్టర్‌ని సీజీఎం (ఒంటికి అతికించుకుంటే రోజంతా షుగర్ చూస్తూ ఉండే సెన్సర్) గురించి అడగండి. ఫ్రీస్టైల్ లిబ్రే లాంటివి మోచేతికి పైన, చేతి వెనక వైపు అతికిస్తారు, సన్నని తీగ చర్మం కిందే ఉండి కణాల మధ్య ద్రవంలో గ్లూకోజ్ చూస్తుంది. సెన్సర్ దాదాపు రెండు వారాలు వస్తుంది. ఖర్చు ఎక్కువే, పైగా రక్తంలో మార్పు అందులో కనబడటానికి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది. అయినా అది నిజంగా కొలుస్తుంది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "ఇది వైద్య పరికరం కాదండీ, వెల్‌నెస్ కోసం" అన్నారు. నిజమే, ఆ మాట మాన్యువల్ చివరి పేజీలో చీమ తలంత అక్షరాల్లో ఉంది. ప్రకటనలో మాత్రం తెల్లకోటు వేసుకున్న మనిషి! రివ్యూల్లో ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లు ప్యాకింగ్ బాగుందని, స్ట్రాప్ మెత్తగా ఉందని రాశారు. పక్కన గ్లూకోమీటర్ పెట్టి చూశామని ఒక్కరూ రాయలేదు.

మీరూ కొనేసి ఉంటే ప్రకటన, బిల్లు స్క్రీన్‌షాట్లు ముందే తీసిపెట్టుకోండి, తర్వాత పేజీ మారిపోతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. మేం చేశాకే డబ్బు వెనక్కి వచ్చింది. కానీ అదే వాచీ ఇప్పుడు ఇంకో పేరుతో అమ్ముతున్నారు.

అన్నిటికంటే ముందు, దాని అంకె చూసి మాత్ర మానేసినా, ఇన్సులిన్ డోసు మార్చినా ఈరోజే డాక్టర్‌కి చెప్పండి.