అరచేతి స్కానరు: రెండున్నరేళ్లు వాడాక

నాకు యాభై ఆరు నిండిన ఏడాది మొదలైంది ఈ కథ. వైజాగ్ ఎం.వి.పి. కాలనీలో మా వీధిలోనే ఒకావిడ ఇంట్లో యాంటీఆక్సిడెంట్ స్కానరు పెట్టింది. ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు, అవెంత ఉన్నాయో చెప్పే యంత్రమంది. నీలికాంతి పడేచోట అరచేయి ఆనించి కదలకుండా కూర్చుంటే కాసేపట్లో తెర మీద అంకె వస్తుంది. నాకు 19 వేలు వచ్చింది. "చాలా తక్కువమ్మా, ఇలాగైతే తొందరగా ముసలితనం వచ్చేస్తుంది" అంది. భయమేసి ఆవిడ దగ్గరే యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ కొన్నాను, నెలకు నాలుగు వేల పైనే. నాలుగు నెలలకు అంకె 31 వేలకు చేరింది, ఎంత సంతోషపడ్డానో!

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ కాంతి వెనకున్నది రామన్ ఎఫెక్ట్, అంటే పదార్థం మీద పడ్డ కాంతిలో కొంత రంగు మారి వెనక్కి రావడం. దాన్ని కనిపెట్టిన సి.వి. రామన్ గారు చిన్నప్పుడు చదువుకున్నది మన వైజాగ్ సెయింట్ అలోషియస్ బడిలోనే, తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ యంత్రం కొలిచేది చర్మంలో చేరిన కెరోటినాయిడ్లనే. అంటే బీటా కెరోటిన్, లైకోపీన్ లాంటి రంగు పదార్థాలు. విటమిన్ సి గానీ, ఒంట్లోనే తయారయ్యే గ్లూటాథయోన్ గానీ, అవీ యాంటీఆక్సిడెంట్లే అయినా, దానికి కనపడవు. వయసు సంగతి అసలే చెప్పలేదు. నెలల తరబడి ఆకుకూరలు, పళ్లు ఏమాత్రం తిన్నామో మాత్రం బాగానే చెబుతుంది.

అందుకే క్యాప్సూల్స్ ఆపేశాను. రైతుబజారులో పొద్దున్నే మునగాకు, తోటకూర, క్యారెట్, బొప్పాయి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. మునగాకు ఆషాఢంలో తినాలంటారు, మేం ఏడాది పొడుగునా వారానికి రెండుసార్లు పప్పులో వేస్తున్నాం. నూనె తగిలితేనే కెరోటినాయిడ్లు ఒంటబడతాయి కనక పోపులో నువ్వులనూనె ఓ చెంచా ఎక్కువే వేస్తాను. ఆరు నెలలకు 33 వేలు వచ్చింది. ఒకే రోజు కుడిచేతికి, ఎడమచేతికి దాదాపు రెండు వేలు తేడా రావడం కూడా చూశాను, అందుకని ఎప్పుడూ కుడిచెయ్యే పెడతాను.

ఒక్క విషయానికి మాత్రం ఇప్పటికీ కోపమే. మా ఆయన సిగరెట్లు తాగుతారు. ఆయనకీ అవే ఇమ్మంది ఆవిడ, "నేచురలేగా, ఎవరికైనా మంచిదే" అంటూ. డబ్బా మీద బీటా కెరోటిన్ అని రాసే ఉంది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి: రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. కూరల్లో తింటే ఈ బెడద లేదు. ఇంట్లో పొగతాగేవాళ్లుంటే దయచేసి డాక్టర్ని అడగకుండా ఆ డబ్బా మూత తీయకండి. మా ఆయనకని కొన్న డబ్బా సీలు కూడా విప్పకుండా ఆవిడకే తిరిగిచ్చేశాను, డబ్బులు మాత్రం రాలేదు.