సెంటినెల్-2 ఎల్2ఏ: రబీకి భేషు, ఖరీఫ్‌కి ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి

యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఎల్1సీ, ఎల్2ఏ అని రెండు రకాలుగా దొరుకుతాయి. వాటిని వరి, పత్తి, మొక్కజొన్న మీద ఏళ్లుగా వాడాక రాస్తున్న మాట: పైరును చూడాలంటే ఎల్1సీ జోలికి పోవద్దు. అందులో పొలంతో పాటు గాలీ కనిపిస్తుంది. గాలిలోని ధూళి, తేమ ప్రభావాన్ని లెక్కకట్టి తీసేసినదే ఎల్2ఏ. రెండూ ఉచితమే.

తేడా చిన్నదేం కాదు. తన మీద పడ్డ ఎరుపు వెలుతురులో 0.04 వంతు, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో 0.40 వంతు వెనక్కి పంపే పైరుకి ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచీ) 0.82. గాలిలో చెదిరిన వెలుతురు కలిసి ఎరుపు 0.07 అయి, రెండోది 0.39కి తగ్గితే 0.70 వస్తుంది. పైరుకి తెగులేమీ లేదు, మధ్యలో ఉన్నది పొగ.

ఎల్2ఏలోనూ ఈ మసక కొంత మిగిలిపోతుంది, ముఖ్యంగా వరికొయ్యలు కాల్చే రోజుల్లో. ఎన్‌డీవీఐ పడిపోగానే పొలానికి పరుగెత్తకుండా బీ2 (నీలం), బీ11 (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) బ్యాండ్లు చూడండి. నీలం పెరిగి బీ11 కదలకపోతే అది మసకే. అంత పొడవైన తరంగాలను పొగ పెద్దగా చెదరగొట్టలేదు. పైరు నిజంగా ఎండుతుంటే ఎరుపుతో పాటు బీ11 కూడా పెరుగుతుంది. ఖాళీ నల్లరేగడిలో బీ11 పడిందంటే వాన పడిందనో, తడి పెట్టారనో అర్థం.

ఎక్కువమంది బోల్తాపడేది మాత్రం ఆకాశం వల్ల కాదు, కూడికల వల్ల. 2022 జనవరి 25 నుంచి చిత్రంలోని విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేశాకే 10000తో భాగించాలి. మరిచిపోతే పై 0.82 కాస్తా 0.56 అవుతుంది. ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే లెక్కకట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో 'హార్మొనైజ్డ్' అని ఉన్నది తీసుకుంటే ఈ బాధ లేదు.

ఎల్2ఏలో బలహీనమైనది మేఘాల మాస్క్, అంటే మేఘం పడ్డ చోట్లను గుర్తించి తీసేసే పొర. ఏది మేఘమో, నీడో, పైరో అంకెలతో చెప్పే ఎస్‌సీఎల్ పొరలో మేఘాలు, వాటి నీడల అంకెలైన 3, 8, 9, 10 తీసేసినా మేఘం అంచులు మిగులుతాయి. మాస్క్‌ను చుట్టూ మరో 100 మీటర్లయినా పెంచాలి. రేకుల షెడ్లను మేఘమంటుంది, దమ్ము చేసిన మడిని ఒక్కోసారి నీడంటుంది. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో వస్తుంది కాబట్టి ఖరీఫ్‌లో నీడలు మేఘానికి పడమటి పక్కన పడతాయి, అక్కడ కంటితో చూసుకోండి. చాలా ఎత్తున ఉండే పల్చటి సిర్రస్ మేఘాన్ని పట్టే బీ10 బ్యాండ్ ఎల్2ఏలో ఉండదు. అనుమానం వస్తే అదే తేదీ ఎల్1సీ తెరవాల్సిందే.

జులై, ఆగస్టుల్లో వరుసగా నాలుగైదు చిత్రాలు మబ్బులకే పోవచ్చు. నాట్ల తేదీ కావాలంటే అప్పుడు మేఘాన్ని దాటి చూసే సెంటినెల్-1 రాడారే దిక్కు. నీళ్లు నిలిచిన మడి అందులో నల్లగా కనిపిస్తుంది, ఆకుపచ్చదనం మాత్రం చెప్పదు.