పాత క్యాంపర్ వ్యాన్, ఆరేళ్ళ వాడకం: రేడియేటర్ ముందు ఆ వేలెడు సందు

పదిహేనేళ్ళ పాత డీజిల్ వ్యాన్‌లో మంచాలు, వంట గట్టు, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టించి, గుంటూరులో ఉంచి ఆరేళ్ళుగా తిప్పుతున్నాను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. వేళకి మారిస్తే ఈ ఇంజన్ మొరాయించదు. నా కోపమంతా ఒక్కచోటే: ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కీ, దాని వెనకున్న రేడియేటర్‌కీ మధ్య వదిలిన వేలెడు సందు. గ్రిల్ తీసినా కనపడదు, చెయ్యి పట్టదు, సర్వీసు కార్డులో దాని ఊసే ఉండదు.

మన రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు. పత్తి తీతలప్పుడు జిన్నింగు మిల్లులకి వెళ్ళే లారీల నుంచి దూది ఎగురుతూనే ఉంటుంది. ఆ పీచు కండెన్సర్ రెక్కల్లోంచి దూరి రేడియేటర్ ముఖానికి అంటుకుంటుంది. దానిమీద మిర్చి లారీల దుమ్ము, రాత్రి ప్రయాణాల్లో పురుగులు, వరికోతలప్పుడు గడ్డి నుసి. రెండు మూడు సీజన్లు గడిచేసరికి కంబళి ముక్క పరిచినట్టే తయారవుతుంది. ముందు నుంచి చూస్తే మాత్రం కండెన్సర్ శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది.

మే నెలలో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బయటపడింది. మొదట ఏసీ చల్లదనం తగ్గింది. తర్వాత టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకి, ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. ముల్లు దిగింది కదా అని అలాగే తోలితే ఇంజన్ తలకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ పొంగి బయటికి పోయాక సెన్సర్ చుట్టూ ద్రవం ఉండదు, అందుకే తక్కువ చూపిస్తుంది. అప్పుడు ఇంజన్ ఆపెయ్యాలి. ముప్పావుగంటైనా ఆగి, రేడియేటర్ పైగొట్టం గుడ్డతో నొక్కి చూసి, చల్లగా, మెత్తగా ఉంటేనే మూత తియ్యాలి.

ఆ తర్వాత వరసగా అనవసరపు ఖర్చులు. కూలెంట్ వేడెక్కాక దారి తెరిచే థర్మోస్టాట్ మారింది, పాతదాన్ని గిన్నెలో నీళ్ళు కాచి థర్మామీటరు పెట్టి చూస్తే 82 డిగ్రీల దగ్గర చక్కగా తెరుచుకుంది. వేడిని బట్టి ఫ్యాన్‌ని తిప్పే ఫ్యాన్ క్లచ్ మారింది. అదీ కాదు. లక్షణం సరిగ్గా చూసుంటే ఈ రెండూ ముట్టుకునే పనే లేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వేడెక్కి, హైవే ఎక్కగానే చల్లబడితే ఫ్యాన్‌ని అనుమానించాలి. హైవే మీదా ఎక్కుడులోనూ వేడెక్కితే రేడియేటర్‌కి గాలి అందడం లేదు, లేదా లోపలి గొట్టాలు పూడుకున్నాయి. అదే సమయంలో ఏసీ కూడా సన్నగిల్లితే ముందు ఆ సందే చూడాలి.

శుభ్రం చేసే పద్ధతి ముఖ్యం. నా బండిలో గ్రిల్, రేడియేటర్ పై బ్రాకెట్ బోల్టులు విప్పితే కూలెంట్ దించకుండానే రేడియేటర్‌ని రెండంగుళాలు వెనక్కి వంచొచ్చు. ముందు పొడిగానే, ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టించాలి. ముందే నీళ్ళు కొడితే పీచు తడిసి ముద్దై రెక్కల మధ్య ఇరుక్కుంటుంది. దుమ్మంతా రాలాక మామూలు పైపుతో నీళ్ళు. వాటర్ సర్వీసు గన్ వద్దు, రెక్కలు మడత పడతాయి. ఇప్పుడు ఏటా మార్చి చివర్లో చేయిస్తున్నాను. అప్పట్నుంచి అదే ఘాట్‌లో ముల్లు సగం దాటలేదు.

లోపలి వైపు పని తక్కువే. పది లీటర్లకి ఐదు కూలెంట్, ఐదు డిస్టిల్డ్ వాటర్. డబ్బా మీద రెడీమిక్స్ అని ఉంటే నీళ్ళే కలపకూడదు. బోరు నీళ్ళు ఒక్కసారి పోసినా ఉప్పు గార కడుతుంది. రాగి రేడియేటరైతే ఆటోనగర్‌లో ట్యాంకు విప్పి రాడింగ్ చేస్తారు, అంటే గొట్టాల్లో సన్నకడ్డీ దూర్చి గార తీస్తారు. ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంది అలా కుదరదు. మూత రబ్బరు కూడా చూడండి. తెల్లారి చూసేసరికి పైగొట్టం లోపలికి నొక్కుకుపోయి ఉంటే మూతలోని వాక్యూమ్ వాల్వ్ పట్టేసినట్టు. కూలెంట్ బాటిల్ నిండుగా ఉంటుంది, రేడియేటర్‌లో మాత్రం తగ్గుతుంది. బాటిల్ చూసి మోసపోవద్దు. 0.9 బార్ మూత సరిగ్గా పట్టుంటేనే కూలెంట్ మరిగే హద్దు ఇరవై డిగ్రీల దాకా పైకి పోతుంది.

గ్రిల్ వెనక దోమల వల కట్టమని ఇదివరకు నేనే చాలామందికి గట్టిగా చెప్పాను. దూది వల మీదే ఆగుతుంది, చీపురుతో దులిపితే పోతుంది, అంతవరకు నిజమే. కానీ వల గాలిని కూడా ఆపుతుంది. ఘాట్ ఎక్కేముందు తీసెయ్యాలి, పత్తి రోడ్ల మీద ప్రతి ఆగినచోటా దులపాలి. ఆ ఓపిక లేనివాళ్ళకి వల లేకపోవడమే నయం.

క్యాంపర్‌లో ట్యాంకు, బ్యాటరీలు, మంచాల బరువు ఎప్పుడూ దిగదు కాబట్టి ప్యాసింజరు బండి సర్వీసు లెక్క సరిపోదని నా అనుభవం. నాది గుంటూరు, నా తిరుగుడు ఎక్కువగా ఎండాకాలం ఘాట్లలో. సూర్యలంక వైపో మచిలీపట్నం వైపో చదును రోడ్ల మీద చలికాలం తిరిగేవాళ్ళకి రెండేళ్ళకోసారి సందు దులిపించినా చాలొచ్చు. కండెన్సర్ బండి టాపు మీద ఉన్న వ్యాన్లకి ఈ గొడవే లేదు. పాతది కొనే ముందు అది ఎక్కడుందో వంగి చూడండి.