నగరం కోసం ఐక్య ప్రార్థనకి ఎనిమిది రోజుల పుస్తకం: ఏది వాడాలి, ఏది మార్చాలి

క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారానికి ఏటా వచ్చే చిన్న పుస్తకాన్ని చాలా సంఘాలు జనవరి 18 నుంచి 25 దాకా వాడి పక్కన పెట్టేస్తాయి. నగరం కోసం అన్ని శాఖల వాళ్లూ కూడి ప్రార్థించాలనుకుంటే ఏడాదిలో ఎప్పుడైనా పనికొచ్చే సరుకు ఇది. ఉన్నదున్నట్టు చదివితే మాత్రం కూటం చప్పగా సాగుతుంది.

1908లో అమెరికా గురువు పాల్ వాట్సన్ మొదలుపెట్టిన ఈ ప్రార్థనని 1930లలో ఫ్రెంచి గురువు పాల్ కుట్యూరియే ఒక మలుపు తిప్పాడు. అందరూ మా దగ్గరికి రావాలని కాకుండా, క్రీస్తు కోరిన ఐక్యత, ఆయన కోరిన దారిలో రావాలని అడగమన్నాడు. 1968 నుంచి ప్రపంచ సంఘాల మండలి, వాటికన్ కలిసి తయారు చేసిన పాఠమే వాడుకలో ఉంది. ఏటా ఒక్కో చోటి బృందం చిత్తుప్రతి రాస్తుంది. 2013ది భారత విద్యార్థి క్రైస్తవ ఉద్యమం పని, అంశం మీకా 6:6-8. ఒక ఉమ్మడి ఆరాధన క్రమం, ఎనిమిది రోజుల వాక్యధ్యానాలు, ప్రార్థనలు ఉంటాయి. నెట్‌లో ఉచితం.

దీనిలో మెచ్చుకోవలసింది, ఆరాధన క్రమం వాక్యం చుట్టూనే తిరగడం. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం, జోలికి పోదు. కతోలికులు, ఆర్థడాక్స్ వారు ఇతర శాఖలతో బల్ల పంచుకోరు కాబట్టి, అది పెడితే సగంమంది కూర్చుండిపోతారు.

బలహీనత విజ్ఞాపనల దగ్గర, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థనల దగ్గర. లోకశాంతి, పేదలు, పాలకులు అంటూ ఏ ఊరికైనా సరిపోయే మాటలే. యిర్మీయా 29:7 చెరలో ఉన్నవాళ్లకి చెప్పింది బబులోను క్షేమం కోరమని, అంటే తాము ఉంటున్న ఆ పట్టణం గురించే. కాబట్టి ఆ భాగం తీసేసి ఆరు అంశాలు పెట్టుకోండి, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. అర నిమిషం అంశం చదవడం, నిమిషం మౌనం, వేర్వేరు శాఖల నుంచి ఇద్దరు చెరో నిమిషం, చివర్లో అందరూ కలిసి ఒక్క వాక్యం. ‘ఆసుపత్రుల కోసం’ అని కాదు, ‘రాత్రి డ్యూటీ నర్సుల కోసం’ అని రాయండి. అంశం ఎంత చిన్నదైతే ప్రార్థన అంత సూటిగా వస్తుంది.

ఆ నిమిషం గీత గీయకపోతే ఏమవుతుందో తెలిసిందే: కళ్లు మూసుకుని చేసే ప్రసంగం మొదలవుతుంది. పక్క సంఘానికి చురకలు వేసేదీ అప్పుడే. మైకు ఒకే చోట స్టాండుకి ఉండాలి, చేతికి ఇవ్వకూడదు. పెంతెకొస్తు వారికి అందరూ ఒకేసారి గొంతెత్తే సమయం పుస్తకంలో లేదు. మూడు నిమిషాలు కేటాయించి, గంట కొడితే ఆగాలని ముందే చెప్పండి. ఆ అలవాటు లేనివాళ్లు కంగారుపడకుండా అదీ క్రమంలో అచ్చు వేయాలి.

పరలోక ప్రార్థన తేలిక అనుకుంటారు గానీ అక్కడే గొంతులు విడిపోతాయి. కొందరు ‘నీ నామము’ అంటే కతోలికులు ‘మీ నామము’ అంటారు. ‘రాజ్యము, బలము, మహిమ’ దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ఆగిపోతారు. ఒకే పాఠం అచ్చు వేసి, నడిపేవాళ్లు ముక్క ముక్కగా పలికించాలి. తాము నమ్మేదాన్ని అందరూ కలిసి పలికే నికయా విశ్వాస ప్రమాణం పెడితే, పరిశుద్ధాత్మ తండ్రి నుండి బయలుదేరుతాడన్న చోట ఆర్థడాక్స్ వారు ‘కుమారుని నుండియు’ అనరు; బాప్టిస్టులకీ పెంతెకొస్తు వారికీ సాధారణంగా ప్రమాణం వల్లించే అలవాటే లేదు. మొదటి కూటంలో వదిలేయడమే మేలు.

మొదటిసారి ఎనిమిది రోజులూ ఎత్తుకోవద్దు. ఒక సాయంత్రం, 75 నిమిషాలు చాలు. కానుక పట్టవద్దు, డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న పేచీ రెండో కూటాన్ని రానివ్వదు.