గోధుమ పడని పాపతో కోనసీమ

కోనసీమ అనగానే తిండి విషయంలో నాకు ధైర్యం వచ్చింది. వరి పండే సీమ కదా, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పాపకు ఇబ్బంది ఉండదనుకున్నాను. మా పాపకు సీలియాక్. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ చిటికెడు తిన్నా చాలు, పేగు లోపొర దెబ్బతింటుంది. ఏడేళ్లప్పుడు ఎత్తు పెరగక, రక్తం తగ్గిపోయి, చివరికి ఎండోస్కోపీలో బయటపడింది. దీనికి మందు లేదు, జీవితాంతం పథ్యమే. నాలుగేళ్లుగా ఇంట్లో హాయిగానే ఉంది. ఇబ్బందంతా గడప దాటినప్పుడే.

గోదావరి గట్టున రిసార్టు, రోజుకు 5,200. ముందే ఫోన్లో పది నిమిషాలు వివరించాను. "ఆయ్, మాకు తెలుసండి, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. స్పెషల్ ఫుడ్ అంటూ పాపకు పూటకు 350 అదనం వేస్తే సంతోషంగా ఇచ్చాను. రాత్రి పండుగప్ప వేపుడు వచ్చింది. మైదా వేశారా అంటే, లేదు, కార్న్‌ఫ్లోరే అన్నారు. మూడు ముక్కలు తింది. రాత్రి రెండు గంటలకు కడుపు పట్టుకుని లేచింది. తెల్లారేదాకా వాంతులే. మావారు బాత్రూం గుమ్మంలోనే కూర్చున్నారు.

పొద్దున్నే వంటగదిలోకి వెళ్లాను. పొయ్యి పక్కన బేసిన్లో ఎర్రగా కలిపిన పిండి, దాని వెనక సగం మడిచిన మైదా ప్యాకెట్. వంటాయన దాచలేదు, "పట్టు కోసం రెండు గరిటెలేశానండి" అన్నాడు. మేనేజరు మాత్రం "కొంచెమే కదండీ!" అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. ఆ 350 కూడా వెనక్కివ్వలేదు. రెండో రోజు డబ్బు వదులుకుని అమలాపురంలో 1,400 లాడ్జికి మారాం. శుభ్రంగా ఉంది. అప్పనపల్లి, అంతర్వేది దర్శనాలు బాగా జరిగాయి.

చెప్పాల్సింది అంబాజీపేట గురించి. ఒక చిన్న టిఫిన్ కొట్టు. నడిపే పెద్దావిడ సీలియాక్ అన్న మాటే వినలేదు. "గోధుమ పడదా తల్లీ? ఏమేం కూడదో వరసగా చెప్పు" అంది. ఇంగువ దగ్గర ఆగింది. కొట్లో దొరికే ఇంగువలో గోధుమపిండో మైదానో కలిసే అవకాశం ఎక్కువని చెప్తే, డబ్బా తెచ్చి పాప చేతికే ఇచ్చి చదవమంది. గోధుమపిండి అని రాసే ఉంది. కొబ్బరి పచ్చడి పోపు పెట్టకముందే పాపకు విడిగా తీసింది. పొట్టిక్కలంటే పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలా గుచ్చి, ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికించినవి. ఆకు ఒలిస్తే దాని ఈనెలన్నీ ఇడ్లీ మీద అచ్చు పడి ఉన్నాయి, పనసాకు వాసనతో. పాప ఐదు తింది. రాత్రి నుంచి నోరు విప్పని అత్తయ్య అప్పుడు కాఫీ అడిగారు. నలుగురికీ 260.

పథ్యం ఉన్నవాళ్లకు నా మాట: పెసరట్టు మంచిదే, ఉప్మా పెట్టనివ్వకండి, అది గోధుమ రవ్వ. పెనం కడిగించండి. పూరీలు వేగిన నూనెలో గారె వేసినా తినకండి. కాజా మైదానే, దాని జోలికే వద్దు. ఆత్రేయపురం పూతరేకులు బియ్యప్పిండివి, నెయ్యి బెల్లం వేసినవి తీసుకోండి. మాల్ట్ పొడి చల్లినవి మాత్రం వద్దు, మాల్ట్ అంటే సాధారణంగా బార్లీయే.

విశాఖకు తిరిగొస్తూ అన్నవరంలో ఆగాం. సత్యదేవుడి ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. అత్తయ్య పొట్లం కళ్లకద్దుకుని, విప్పకుండానే సంచిలో పెట్టేశారు. పాప తన పూతరేకు సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టింది.