నరం మీద గడ్డకు బయాప్సీ: మహారాణిపేటలోని ఒక లాబ్ పనితీరు

విశాఖపట్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) చుట్టుపక్కల మహారాణిపేట సందుల్లో లాబ్‌లకు కొదవ లేదు. కానీ నరం పొరలోంచి పుట్టే గడ్డల విషయంలో రిపోర్టు ఎంత త్వరగా వచ్చిందన్నది కాదు, గడ్డకు పేరు సరిగ్గా పెట్టారా లేదా అన్నదే లెక్క. ష్వానోమా అనే రకం అయితే పొర చీల్చి, నరం తెగకుండా గడ్డను ఒలిచి తీయొచ్చు. న్యూరోఫైబ్రోమా అనే ఇంకో రకంలో నరం పోగులు గడ్డలోంచే వెళ్తాయి, అంత సులువుగా విడిపోవు. ఆ లెక్కన ఈ లాబ్‌కి ఐదుకి నాలుగు.

ఈ గడ్డలు పైకి కొవ్వు గడ్డలాగో, మణికట్టు మీద నీటి తిత్తిలాగో, మెడలో బిళ్లలాగో కనిపిస్తాయి. అడ్డంగా కదులుతాయి గానీ నరం పొడవునా కదలవు. వేలితో తడితే నరం వెళ్లే దారంతా జివ్వుమంటుంది. ఈ రెండూ లాబ్ ఫారంలోనే అడుగుతారు. సూది దిగగానే కరెంటు కొట్టినట్టుందంటే ఆపేసి, ముందు ఎమ్మారై తీయించుకురమ్మంటారు. సరైన పని. నీరు పట్టిన ష్వానోమాలో సూదికి ఉత్త నీరే వస్తుంది, తిత్తి అని రాసేసే ప్రమాదం అక్కడే. ఎమ్మారైలో అయితే కండె ఆకారం, రెండు కొసల్లోనూ నరం, ఒక్కోసారి టీ2 అనే రకం చిత్రాల్లో తెల్లటి అంచు మధ్య నల్లటి చుక్క కనిపిస్తాయి.

అసలు పనితనం స్లైడు దగ్గర తెలుస్తుంది. ‘స్పిండిల్ సెల్ లీజన్’ (కండె ఆకారపు కణాల గడ్డ) అని రాసి వదిలేయరు. కేంద్రకాలు రెండు వరసల్లో ఎదురెదురుగా బారులు తీరి, మధ్యలో గులాబీ రంగు పట్టీ ఉంటే అవి 1910లో వెరోకే అనే పాథాలజిస్టు వర్ణించిన వెరోకే బాడీలు, అంటే ష్వానోమా. అవి లేనప్పుడే చిక్కు. అప్పుడు కణాల్లోని ప్రొటీన్లను రంగుతో పట్టిచూపే మార్కర్లు ఎస్-100, సాక్స్-10, ఈఎమ్ఏ, సీడీ-34 కలిపి వేస్తారు. ష్వానోమాలో మొదటి రెండూ నిండుగా పడతాయి. పెరిన్యూరియోమా అనే అరుదైన మరో రకంలో ఎస్-100 పడదు, ఈఎమ్ఏ పడుతుంది. అదీ పలచగా, పెద్ద పవర్‌లో వెతికితే గానీ దొరకదు. పాతబడిన ష్వానోమాలో కేంద్రకాలు ఉబ్బి వికారంగా ఉంటాయి, చూస్తే సార్కోమా (ఒక రకం క్యాన్సర్) అనిపిస్తుంది. అందుకే కణ విభజన ఉందో లేదో రిపోర్టులో విడిగా రాయడం ఇక్కడ బాగా నచ్చే విషయం.

తగ్గిన ఒక్క మార్కు కౌంటర్ దగ్గర. గడ్డ ఎంతదైనా ఒకటే చిన్న డబ్బా ఇస్తారు. ముక్క పాడవకుండా ఉంచే మందు, పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్కకు పది రెట్లు ఉండాలి. కుక్కిపెడితే మందు లోపలిదాకా దిగక మధ్యభాగం పాడవుతుంది, అక్కడ మార్కర్లు నమ్మలేం. శ్రీకాకుళం నుంచి బస్సులో తెచ్చేవాళ్లు వెడల్పు మూతి సీసా అడిగి తీసుకోండి. సెలైన్‌లో మాత్రం రాత్రంతా ఉంచొద్దు. పెరిన్యూరియోమాను తేల్చడానికి వాడే గ్లట్-1, క్లాడిన్-1 మార్కర్లు ఇక్కడ లేవు, బయటికి పంపుతారు. రిపోర్టుతోపాటు బ్లాకులు (మైనంలో పోసి ఉంచిన గడ్డ ముక్కలు), స్లైడ్లు కూడా అడగండి. అడిగితేనే ఇస్తారు, రెండో అభిప్రాయానికి అవే కావాలి.