పిరమిడ్ కాదు బాబూ, అరుగు: అరండల్‌పేటలో ఒక మోడల్ షాపు అనుభవం

మా మనవరాలికి సోషల్ ప్రాజెక్టు ఈజిప్టు వచ్చింది. క్లాసులో అందరూ పిరమిడ్లే చేస్తున్నారని తనకి మస్తబా కావాలంది. అదేంటే అంటే, "అరబిక్‌లో అరుగు తాతయ్యా" అంది. ఈజిప్టులోని సక్కారాలో తవ్విన కూలీలకి ఆ పాతకాలపు చదును కప్పు సమాధులు ఇళ్ల ముందు మట్టి అరుగుల్లా కనిపించాయట, ఆ పేరే నిలిచింది. ఆర్ అండ్ బీలో ముప్పయ్యేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ని, నాకూ హుషారొచ్చింది.

గుంటూరు అరండల్‌పేటలో స్కూలు మోడళ్లు చేసిచ్చే చిన్న షాపుకి వెళ్లాం. పేరు రాయను. కుర్రాడు పనిమంతుడు, కానీ తిట్లూ ఉన్నాయి. 1,000 రూపాయలకి బేరం కుదిరింది. డ్రాయింగ్ గీసిచ్చాను: రెండడుగుల పొడవు, కప్పు చదును, గోడలు లోపలికి వాలు.

నాలుగో రోజు వెళ్తే బల్ల మీద పిరమిడ్! మొనకి బంగారు రంగు కూడా. "ఈజిప్టంటే ఇదే కదంకుల్, కావాలంటే మొన కోసేస్తా" అన్నాడు. పిల్ల మొహం మాడిపోయింది. కోస్తే మస్తబా రాదు నాయనా, అసలు కథ తిరగేసి ఉంది. జోసెర్ రాజు సమాధి ముందు మస్తబాగానే మొదలైంది. దాన్ని పెంచుకుంటూ, మీద మీద మెట్లు లేపుకుంటూ పోతే ఆరు మెట్లయి 60 మీటర్లు దాటింది. అదే తొలి పిరమిడ్. కట్టించింది ఆ రాజు మంత్రి ఇంహోటెప్ అంటారు.

మళ్లీ మొదలుపెట్టించి పక్కనే కూర్చున్నా. ఇక్కడ మాత్రం కుర్రాణ్ని మెచ్చుకోవాలి. జల్లించిన మట్టి, కొబ్బరిపీచు పొడి ఫెవికాల్‌లో కలిపి థర్మాకోల్‌కి పూసి, సగం ఆరాక స్కేలు అంచుతో ఇటుక వరసలు నొక్కాడు. దగ్గరికెళ్లి చూస్తే పీచు పరకలు బయటికి పొడుచుకొచ్చి అచ్చం పచ్చి ఇటుకే. తొలి మస్తబాలూ అంతే, నైలు ఒండ్రులో గడ్డి తరుగు కలిపి ఎండబెట్టిన ఇటుక, కాల్చింది కాదు. రాయి తర్వాత వచ్చింది. మన దగ్గరైతే రెండు శ్రావణాలకి కూలేది, అక్కడ వానలు లేక బతికిపోయాయి.

లోపలికొచ్చేసరికి తడబడ్డాడు. కప్పు నుంచి బావిలా దిగే నిలువు గొయ్యి, అడుగున నేలలో శవపేటిక గది బాగానే చేశాడు. దొంగల భయానికి ఆ గొయ్యిని రాళ్లతో పూడ్చేవారని చెబితే చిప్స్ కూడా పోశాడు. తూర్పు ముఖాన ఉండాల్సిన ఉత్తుత్తి తలుపుని పడమటికి అంటించాడు. పోయినవాళ్ల ఆత్మ దాన్లోంచి వచ్చి నైవేద్యం పుచ్చుకుంటుందని వాళ్ల నమ్మకం. దిక్సూచి చూపించి పీకించాను. విగ్రహం పెట్టి మూసేసే సెర్దాబ్ గదికి సన్నటి సందు చాలు, ఈయన కూలర్ పట్టేంత కన్నం పెట్టాడు.

గిజాలో ఖుఫు పిరమిడ్ పక్కన బంధువులవీ అధికారులవీ మస్తబాలు వీధుల్లా వరసగా ఉంటాయి. ఎలా చెప్పాలా అనుకుని, "మన బ్రాడీపేట లైన్లు, అడ్డరోడ్లు ఉన్నట్టు" అన్నా. టక్కున అందుకుని, మిగిలిన ముక్కల్ని బొటనవేలంత దిమ్మెలుగా కోసి అట్ట మీద గళ్లు గళ్లుగా అంటించేశాడు. "ఇది నాలుగో లైను అంకుల్." దీనికి డబ్బులడగలేదు.

తప్పు తనదే అయినా రెండోసారి చేసినందుకు 300 ఎక్స్‌ట్రా వేశాడు. బిల్లు లేదు. బంక ఆరకుండానే చేతిలో పెట్టాడు, స్కూటర్ లాడ్జి సెంటర్ దాటేసరికి ఒక మూల రాలింది. ఆటోలో తెచ్చుకోండి, డ్రాయింగ్ మీద దిక్కులు పెద్దక్షరాల్లో రాసివ్వండి. అయిదుకి మూడు స్టార్లు.

మొన్న అటు వెళ్తూ ఆ బంగారు మొన పిరమిడ్ ఏమైందని అడిగాను. మర్నాడే వేరే స్కూలు పిల్లాడికి 900కి అమ్మాడట.